గడప బయటి కవులు

(కోలారులో సరిహద్దు తెలుగు కుటుంబాల కలయిక సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అమెరికా సాహిత్యాన్ని గురించి మాట్లాడమని కోరారు. ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించినవాణ్ణి కనుక అది నాకు నల్లేరుపై నడక అని నిర్వాహకులు భావించి ఉంటారు. ఆ పాఠాలు చెప్పినంత కాలమూ నా కళ్లముందు మెదలినది మాత్రం అమెరికా కాదు, చాంపియన్ రీఫ్ గని లైన్లలోని మా ఇల్లు. కాబట్టి విషయాన్ని మా అవ్వ దగ్గర మొదలుపెడతాను. అమెరికాకు తరువాత వెళదాం.

మా తాత పుంగనూరు ప్రాంతం నుంచి గనిపనికి వచ్చాడు. నాయన కూడా అదే గనిలో దిగాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఆ బంగారు గనులు ఎన్ని తరాల మనుషులను భూమి లోపలికి దించాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ సభలో చాలామంది ఆ ఇళ్ల నుంచి వచ్చినవారే. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైమాట. అంత లోతులో ఒత్తిడికి తాళలేక బండ ఉన్నట్టుండి పేలిపోయేది. పైన మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. గిన్నెలు కదిలిన రాత్రి అవ్వ పడుకునేది కాదు. వాకిట్లో కూర్చుని కైవారం తాతయ్య తత్వాలు పాడేది. నాయన ఒళ్లంతా దుమ్ముతో వీధి మలుపు తిరిగేదాకా ఆ పాట ఆగేది కాదు. "వచ్చినావా నాయనా" అని ఒక్క మాట అని, లేచి నీళ్లు కాచేది.

మా వీధిలో తమిళం, బడిలో కన్నడం, గని కచేరీలో ఆంగ్లం, ఇంట్లో తెలుగు. ఇన్ని భాషల నడుమ పెరగడం కష్టమని ఇప్పటివారు అంటుంటారు. మాకు ఎన్నడూ కష్టం అనిపించలేదు. అంగట్లో ఉప్పుకు ఒక భాష, అయ్యవారికి ఒక భాష, అవ్వకు ఒక భాష, అంతే.

నాయన చదువు కన్నడ అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గర ఆగిపోయింది. ఆయన పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉండేది. కైవారం వెళ్లినప్పుడు కొన్నది. అందులో తాతయ్య పద్యాలు, తత్వాలు. మాట తెలుగు, అక్షరం కన్నడం. సెలవునాడు నాయన దాన్ని తెరిచి ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి చదివితే, అవ్వ తప్పులు దిద్దేది. అవ్వకు ఏ అక్షరమూ రాదు. అయినా తప్పు ఎక్కడుందో ఆమెకే తెలిసేది. నేను చాలాకాలం తెలుగును ఆ లిపిలోనే రాస్తారని అనుకున్నాను. తెలుగు అక్షరాలు నాకు పట్టుబడినది ఇరవై ఏళ్లు దాటిన తరువాత, పైచదువుకు ఆంధ్ర వైపు వెళ్లినప్పుడు.

అక్కడ వసతిగృహంలో నా మాట విని నవ్వారు. "ఇది ఏ దేశపు తెలుగయ్యా?" అన్నారు. ఆ తరువాత ఎన్నో ఏళ్లకు బెంగళూరులో ఒక సాహిత్య సభలో నన్ను పరిచయం చేస్తూ "ఆంధ్ర నుంచి వచ్చిన మిత్రులు" అన్నారు. నేను పుట్టినది కోలారు జిల్లాలో, జీతం తీసుకున్నది కర్ణాటకలో, పన్ను కట్టినదీ ఇక్కడే. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెతకు అర్థం ఆ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టుకుంటేనే నాకు బోధపడింది. ఎవరి మీదా నిష్ఠూరంతో ఈ మాట చెప్పడం లేదు. సరిహద్దులో పుట్టిన ప్రతివాడికీ ఇటువంటివి రెండు మూడు ఉంటాయి. మీకూ ఉంటాయి.

ఇప్పుడు కైవారం తాతయ్య సంగతి. ఆయన అసలు పేరు నారణప్ప. 1726లో పుట్టాడనీ, నూటపదేళ్లు జీవించి 1836లో సమాధి చెందాడనీ సంప్రదాయం చెబుతుంది. బలిజ కులస్థుడు. ఊరూరా తిరిగి గాజులమ్ముకుని బతికినవాడు. గురువు నోట్లో గులకరాయి పెట్టి, అది కలకండ అయ్యేదాకా మంత్రం జపించమన్నాడన్న కథ మన అవ్వలందరికీ తెలిసినదే. ఊరి దైవం అమరనారేయణుడి పేరును ముద్రగా పెట్టుకుని తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. అమరనారేయణ శతకం తెలుగులో ఉంది. కాలజ్ఞానం పల్లె పల్లెకూ తెలుసు. కైవారం 2007 దాకా మన కోలారు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు జిల్లాను విడదీసినప్పుడు చింతామణి తాలూకాతో పాటు చిక్కబళ్లాపురం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినందువల్ల గురుపూర్ణిమకు వెళ్లే బండ్లేమీ తగ్గలేదు.

ఈయన ఏ భాష కవి? కర్ణాటకం ఆయనను తన యోగిగా భావిస్తుంది, సంతోషం. అయితే యోగిగా కొలిచేవారు ఎక్కువ, కవిగా చదివేవారు తక్కువ. అటుపక్క, నేను చదివిన తెలుగు సాహిత్య చరిత్రలలో ఆయనకు దక్కిన చోటు బహు స్వల్పం. తెలుగునాటి గీత వెలుపల పుట్టాడు కదా! వేమనను గురించి ఎన్ని పుటలు రాశారో చూసి, ఈయన కోసం వెతికితే గడప బయట నిలబడిన అతిథిలా కనిపిస్తాడు. ఇక్కడివారికి భాష వేరు, అక్కడివారికి ఊరు వేరు.

ఈ ప్రశ్న నా మెడకు చుట్టుకుని ఉండగానే నేను తరగతి గదిలో అమెరికా సాహిత్యం చెప్పవలసి వచ్చింది. మొదటిరోజే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో రాసినది ఇంగ్లండు సాహిత్యం కాక అమెరికా సాహిత్యం ఎలా అయింది? మంచి ప్రశ్న. 1820లో ఒక ఇంగ్లండు విమర్శకుడు అమెరికావాడు రాసిన పుస్తకాన్ని లోకంలో ఎవరు చదువుతారని ఎద్దేవా చేశాడు. అంటే అమెరికా మొత్తం ఒకనాడు ఇంగ్లీషుకు గడప బయటి జాతి. వారి ఇంగ్లీషు విని లండన్ నవ్వింది. మన తెలుగు విని వసతిగృహం నవ్వినట్టే. 1837లో ఎమర్సన్ తన ప్రసంగంలో ఐరోపా పాఠాలు వల్లించింది చాలునన్నాడు. 1855లో వాల్ట్ విట్మన్ అనే బ్రూక్లిన్ అచ్చుపనివాడు తన కవితా సంపుటిని సొంత డబ్బుతో ముద్రించుకున్నాడు. కొంత భాగానికి అచ్చు అక్షరాలు కూడా తానే కూర్చాడు. ముఖపత్రం మీద కవి పేరు లేదు. పదేళ్ల తరువాత ఆ పుస్తకమే కారణంగా ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం పోయింది. ఇవాళ అమెరికాకు జాతీయ కవి ఎవరంటే ముందుగా చెప్పే పేరు ఆయనదే.

విట్మన్ కంటే ముందు ఒక పిల్ల ఉంది. 1761లో ఆఫ్రికా నుంచి బానిసల ఓడలో బోస్టన్ రేవుకు వచ్చింది. ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ముందరి పళ్లు ఊడిపోయి ఉన్నాయి కనుక వయసు అంచనా కట్టారు. ఓడ పేరు ఫిలిస్. కొన్న ఇంటివారి పేరు వీట్లీ. ఆ రెండూ కలిపి ఆమెను ఫిలిస్ వీట్లీ అన్నారు. కన్నవారు పెట్టిన పేరు లోకానికి తెలియదు. ఆ పిల్ల ఇంగ్లీషు, లాటిన్ నేర్చుకుని కవిత్వం రాసింది. 1773లో పుస్తకం వచ్చింది, అమెరికాలో కాదు, లండన్‌లో. ఆ కవిత్వం నిజంగా ఆమెదేనని మసాచుసెట్స్ గవర్నరుతో సహా పద్దెనిమిది మంది పెద్దమనుషులు సంతకం చేసిన ధ్రువపత్రం పుస్తకం ముందు అచ్చువేశారు. కవిత్వానికి ధ్రువపత్రం! తరువాత దేశాధ్యక్షుడైన జెఫర్సన్ ఆమె రాతలు విమర్శకు కూడా తగవని తన గ్రంథంలో కొట్టిపారేశాడు. 1784లో ఆమె పేదరికంలో కన్నుమూసింది. అమెరికా సాహిత్య సంకలనం ఏది తెరిచినా నేడు తొలిపుటల్లో ఆమె ఉంటుంది. జెఫర్సన్‌కు ఆ మాట కోసమే క్షమాపణ చెప్పుకునే ఆచార్యులు ఎందరో ఉన్నారు.

ఇంకా చెప్పుకుంటూ పోవచ్చు. జమైకా నుంచి వచ్చిన క్లాడ్ మెకే, నల్లజాతివాడూ అమెరికావాడేనని 1926 నాటి తొలి సంపుటిలోనే విట్మన్‌కు జవాబుగా పలికిన లాంగ్‌స్టన్ హ్యూజ్, 2019లో ఆదివాసుల నుంచి మొట్టమొదటిసారిగా ఆ దేశపు ఆస్థానకవి పదవి పొందిన జాయ్ హార్జో, ఇలా ఎందరో. గడప బయటి కవి లోపలికి రావడమే అమెరికా సాహిత్య చరిత్ర అని తరగతిలో చెప్పేవాణ్ణి. పిల్లలకు నచ్చేది. పరీక్షలో అదే రాసేవారు.

కానీ ఒకనాడు నాకే అనుమానం వచ్చింది. వీరందరూ ఇంగ్లీషులో రాసినవారే కదా? వీట్లీ తల్లిభాష ఏదో కూడా మనకు తెలియదు. ఆదివాసీ పిల్లలను 1879 నుంచి వసతి బడులకు తరలించి, తమ భాష మాట్లాడితే శిక్షించిన దేశం అది. గడప దాటి లోపలికి వచ్చినవారు చెప్పులతో పాటు భాషను కూడా బయట విడిచి వచ్చారు. ఈ దారి మన జిల్లాకూ తెలుసు. మాలూరు తాలూకాలో 1891లో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళం. రాసినది కన్నడం. 1983 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందాడు. మాస్తి కన్నడపు ఆస్తి అని జనం పాడుకునేటంత ఎత్తుకు ఎదిగాడు. నేను మాస్తి కథలను ప్రేమిస్తాను, ఆ దారిని తక్కువ చేయను. ఇష్టపడి మరొక భాషను తనదిగా చేసుకోవడం కూడా గొప్ప సంస్కారమే. మన ఇళ్లలో కన్నడంలో చక్కగా రాసే పిల్లలు ఉంటే వారిని ఆపకండి.

నా ప్రశ్న రెండో దారి గురించి. తన భాషను విడవకుండా, తాను ఉన్న దేశాన్నీ విడవకుండా రాసినవాడి మాటేమిటి? కైవారం తాతయ్య దారి అది. అమెరికాలో అటువంటివారు లేరా?

ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రఖాతంలో ఏంజెల్ ఐలాండ్ అనే దీవి ఉంది. 1882 చట్టంతో చైనా కూలీలను దేశంలోకి రాకుండా నిషేధించిన అమెరికా, 1910 నుంచి 1940 వరకు ఆ దీవిలో వచ్చినవారిని నిర్బంధించి విచారించేది. వారాలు, నెలలు, కొందరిని ఇంకా ఎక్కువకాలం. వారు చెక్కగోడల మీద చైనా భాషలో పద్యాలు చెక్కారు. చాలావాటికి పేరు లేదు. అధికారులు ఆ గాట్లను పూడ్చి పైన రంగు వేయించారు. వీరు మళ్లీ చెక్కారు. 1970లో పాడుబడిన ఆ భవనాన్ని కూల్చబోతుండగా అలెగ్జాండర్ వైస్ అనే ఉద్యానవన ఉద్యోగి చేతిలోని దీపపు వెలుగులో ఆ రాతలను గమనించాడు. ఆ దీవిలో నిర్బంధానికి గురైనవారి సంతతి పట్టుబట్టి భవనాన్ని నిలబెట్టుకున్నారు. 1980లో ఆ పద్యాలు అనువాదంతో పుస్తకంగా వచ్చాయి. దేశంలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, ఆ దేశపు భాష కాని భాషలో, ఆ దేశపు గోడ మీద రాసిన పద్యం ఇప్పుడు అమెరికా సాహిత్యంలో పాఠం. చైనా సాహిత్యంలో కాదు.

రెండోది ఇంతకంటే మనకు దగ్గర. తూర్పు ఐరోపా నుంచి న్యూయార్కు చేరిన యూదుల ఇంటిభాష యిద్దిష్. పగలు పని, రాత్రి కవిత్వం. మానీ లైబ్ చెప్పులు కుట్టేవాడు. లైవిక్ ఇళ్ల గోడలకు రంగుకాగితాలు అంటించేవాడు. వారికి పత్రికలున్నాయి, నాటకశాలలున్నాయి, లక్షల మంది పాఠకులున్నారు. ఆ గుంపులోనివాడే ఐజాక్ బాషెవిస్ సింగర్. 1935లో అమెరికా వచ్చాడు. జీవితాంతం యిద్దిష్‌లోనే రాశాడు. 1978లో నోబెల్ బహుమతి పొందినప్పుడు అది తన భాషకూ దక్కిన గుర్తింపు అని చెప్పాడు. అమెరికా అతణ్ణి తన రచయితగా లెక్కవేసుకుంది. ఇంగ్లీషులో రాయలేదని తీసివేయలేదు.

ఇంతవరకు బాగుంది. కథ ఇక్కడ ఆగితే నేను ఇంత దూరం మిమ్మల్ని తీసుకువెళ్లేవాణ్ణి కాదు. ఆ కవులు ముసలివారయ్యేసరికి వారి మనవలకు యిద్దిష్ అక్షరాలు రావు. బలవంతాన ఎవరూ మానిపించలేదు. నిషేధం లేదు, చట్టం లేదు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుంది, అంతే. తాత పోయిన మరునాడు మనవలు ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలను చెత్తకుండీలో వేసేవారు. 1980లో ఆరన్ లాన్స్కీ అనే ఇరవై నాలుగేళ్ల విద్యార్థి ఆ పుస్తకాలను పోగుచేయడానికి పూనుకున్నాడు. లోకంలో మిగిలినవి డెబ్భై వేలు ఉంటాయని పండితులు చెప్పారు. అతడూ అతడి మిత్రులూ పదిలక్షలకు పైగా సేకరించారు. ముసలివారు ఒక్కో పుస్తకాన్నీ చేతికిస్తూ దాని కథ చెప్పి, టీ ఇచ్చి, కన్నీళ్లు పెట్టుకుని గాని వదిలేవారు కారట. అది తెలిసిన రోజు నాకు నాయన పెట్టె గుర్తుకు వచ్చింది. గని మూతపడి మేము లైన్లలోని ఇల్లు సర్దినప్పుడు ఏమి ఉంచామో, ఏమి పారవేశామో నెమరువేసుకుంటూ ఆ రాత్రి నిద్రపోలేదు.

మన గనుల్లోనే దీనికి మరో ఉదాహరణ ఉంది. మనం గర్వించవలసినదీ, కొంచెం సిగ్గుపడవలసినదీ. మద్రాసులో అయోతిదాస పండితుడు 1907లో స్థాపించిన 'తమిళన్' పత్రిక ఆయన మరణానంతరం ఆగిపోగా, 1926 నుంచి దాన్ని మళ్లీ వెలువరించినది మన కోలారు బంగారు గనుల నుంచే. అప్పాదురైయార్ దాని సంపాదకుడు. పండితుడి పుస్తకాలను అచ్చువేసిన సిద్ధార్థ పుస్తకశాల ఉన్నది చాంపియన్ రీఫ్‌లోనే. ఊరు అంటరానివారన్న మనుషులు, గనిలో బండలు కొట్టే మనుషులు, మైసూరు సంస్థానంలో కూర్చుని తమిళంలో ఒక ఆలోచనా ప్రపంచాన్ని నిలబెట్టారు. నేడు ఆ పుటల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వస్తున్నారు. అదే వీధుల్లో మన తెలుగువారు కూడా ఉన్నారు. మనం పాడాము, అచ్చువేయలేదు. మా అవ్వ పాడిన వాటిలో తాతయ్యవి కానివి, ఆ లైన్లలో ఎవరో కట్టినవి, బోనులో దిగే మగవాణ్ణి తలచుకుని ఆడవారు అల్లినవి కొన్ని ఉండేవి. రాగం నాకు జ్ఞాపకం ఉంది. మాటలు పోయాయి.

ఇక సరిహద్దు విషయం. అమెరికాలో టెక్సాస్ దక్షిణపు అంచున, మెక్సికోను ఆనుకుని పుట్టిన గ్లోరియా అన్సాల్దువా అనే కవయిత్రి 1987లో సరిహద్దు బతుకు మీద ఒక పుస్తకం రాసింది. ఇంగ్లీషు, స్పానిష్ కలగలిపి రాసింది. చాలాచోట్ల అనువాదం కూడా ఇవ్వలేదు, కావాలంటే మీరే నేర్చుకోండి అన్నట్టు. బడిలో స్పానిష్ మాట్లాడినందుకు వేళ్ల మీద దెబ్బలు తిన్నది. వారి పూర్వులు ఎక్కడికీ వలస వెళ్లలేదు. 19వ శతాబ్దంలో దేశాల నడుమ గీత జరిగింది, ఉన్నచోటనే ఉన్న మనుషులు పరదేశులయ్యారు.

మన గీత జరగలేదు. అది గుర్తుపెట్టుకోవాలి. కోలారు 1956కు ముందూ మైసూరే, తరువాతా మైసూరే. 1951 జనాభా లెక్కల్లో జిల్లా జనంలో సగానికి మించి తెలుగు మాట్లాడేవారు. ఆ సంగతి తెలిసి కూడా, భాష ఒక్కటే కొలబద్ద కాదని భావించిన రాష్ట్ర పునర్విభజన సంఘం 1955లో జిల్లాను ఇక్కడే ఉంచమన్నది. గీత కదలలేదు, రాష్ట్రం అనే మాటకు అర్థం కదిలింది. రాజుగారి మైసూరులో తెలుగువాడు ఒక ప్రజ. మహారాజా కళాశాలలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 నుంచి 1949 వరకు తెలుగు బోధించారు, ఎవరికీ అది వింతగా తోచలేదు. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాక, 1973లో కర్ణాటకమన్న పేరు వచ్చాక, అదే తెలుగువాడు అల్పసంఖ్యాకుడు అయ్యాడు. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలన్న 350ఎ అధికరణం 1956లోనే రాజ్యాంగంలో చేరింది. దాన్ని ఎందరు తల్లిదండ్రులు అడిగారు? ప్రభుత్వాన్ని ఎన్నైనా అనవచ్చు, మన పిల్లలను ఆంగ్ల మాధ్యమానికి పంపినది మనమే.

ఇక్కడ ఉద్యమ మిత్రులతో నాకు కొంచెం అభిప్రాయభేదం ఉంది, దాపరికం లేకుండా చెబుతాను. మనం మనల్ని 'రాష్ట్రేతర తెలుగువారు' అని చెప్పుకుంటాం. ఏ రాష్ట్రానికి ఇతరం? నేను కోలారులో ఇతరుణ్ణి కాను. మన తెలుగు ఆంధ్ర నుంచి ఒలికి ఇటు పడిన నీరు కాదు. పెన్న నంది కొండల్లో పుట్టి నెల్లూరికి వెళ్లింది. తిక్కన భారతం రాసిన ఒడ్డుకు నీరు ఇక్కడి నుంచి వెళ్లింది. హోసూరు మిత్రులు 'మొరసునాడు' అన్న పాత పేరును తిరిగి వాడుకలోకి తెచ్చి, ఈ నేల పలుకుబడిలోనే కథలు రాసి, సంకలనం తెచ్చినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మా అవ్వ మాట అచ్చులో మొదటిసారి చూసింది అక్కడే. నేను కోరేది ఒకటి. సింగర్ రాసినది యిద్దిష్‌లోని అమెరికా సాహిత్యం అయినట్టే, కైవారం తాతయ్యది తెలుగులోని కర్ణాటక సాహిత్యం అని ఇక్కడి విశ్వవిద్యాలయాలు చెప్పాలి. దాన్ని దానంగా అడగకూడదు, హక్కుగా అడగాలి. అదే నోటితో, కన్నడం మన రెండో తల్లి అని కూడా ఒప్పుకోవాలి.

అమెరికాను ఎక్కువ పొగిడానని మీరు అనుకోకండి. రెండు శతాబ్దాలకు పైగా ఆ దేశపు కేంద్ర ప్రభుత్వానికి అధికారభాష అన్నది లేదు. 2025 మార్చి 1న అధ్యక్షుడి ఉత్తర్వుతో ఇంగ్లీషును అధికారభాష చేశారు. గడప ఎత్తు పెంచడం అక్కడ కూడా సాగుతూనే ఉంది.

మన ఇంటి గడప మాట కూడా చెప్పకపోతే తప్పు. గుర్రం జాషువా తెలుగువాడే, తెలుగునాటే పుట్టాడు, ఛందస్సులో ఎవరికీ తీసిపోడు. అయినా కులం కారణంగా తెలుగు సభల గడప దగ్గర ఎన్ని అవమానాలు పడ్డాడో ఆయనే రాసుకున్నాడు. 1941 నాటి 'గబ్బిలం'లో దూతగా హంస, మేఘం కాక గబ్బిలం ఎందుకు వచ్చిందో ఆలోచించండి. గుడిలోకి వెళ్లగలిగినది అదే. మనం కన్నడంవారి గడప గురించి మాట్లాడే ఈ సభకు కోలారు పల్లెల్లో తెలుగు మాట్లాడే దళితవాడల నుంచి ఎంతమంది వచ్చారు? ముందు వరుసలో కూర్చున్నవారు ఒకసారి వెనుదిరిగి చూడండి. తెలుగును ఈ జిల్లాలో ఇన్నాళ్లు బతికించినది వారి నోళ్లు కూడా.

చివరగా ఒక పని గురించి. నాయన పెట్టెలోని పుస్తకం దొరికింది. పారవేయలేదు. మా చెల్లెలు బంగారుపేటలో తన ఇంటి అటక మీద దాచింది. అట్ట లేదు, చివరి పుటలు కొన్ని లేవు. పోయిన వేసవి నుంచి నేను దాన్ని తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తున్నాను. బెంగళూరు నుంచి నా మనవరాలు శనివారాలు వస్తుంది. కన్నడ అక్షరాలు ఆమెకు బడిలో వచ్చు. ఆమె చదువుతుంది, నేను తెలుగులో రాస్తాను, రాసినదాన్ని ఆమె మళ్లీ చూసి రాస్తుంది. అలా ఆమెకు తెలుగు అక్షరాలు సగం దాకా వచ్చేశాయి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు, తలకట్టు దగ్గరే కాస్త తేడా. కొన్నిచోట్ల అచ్చు తప్పుగా తోస్తుంది. అవ్వ ఉంటే దిద్దేది. ఇప్పుడు పక్కన మరొక ప్రతి ఉంటే తప్ప తేల్చలేము.

మీ ఇళ్లలో, మీ అటకల మీద అటువంటి పుస్తకాలుగాని, చేతిరాత నోటుబుక్కులుగాని ఉంటే దయచేసి తీసుకురండి. నాకు ఇవ్వనక్కరలేదు, అక్కడే కూర్చుని చూసి రాసుకుని తిరిగి ఇస్తాము. చెప్పడానికి ఎవరైనా అవ్వలుంటే వారిని కూడా వెంటబెట్టుకుని రండి. వచ్చే గురుపూర్ణిమనాడు ఉదయం తొమ్మిది గంటలకు కైవారంలో, గుడి దగ్గర ఉంటాను. మనవరాలు కూడా వస్తానంది.

సెలవు.